సారు చెప్పంగ నేను రాసిన మూడేండ్లు

మా ఊరి హైస్కూలు పాత కచేరిల ఉండె. నైజాం జమాన్ల తహసీలు కోసం కట్టిన రాతి బంగ్లా అది. తహసీలు కొత్త ఇంట్లకు మారినంక ఆ నాలుగు గదులు, ముందటి పొడుగు వరండా బడికిచ్చిండ్రు. మొదలు ఏడో జమాత్ దాకనే ఉండె. నేను అయిదుల ఉన్నప్పుడు మెట్రిక్ దాక చేసిండ్రు. చుట్టుపక్కల ఇరవై ఊర్లకు అదొక్కటే హైస్కూలు. గోదావరి ఒడ్డు ఊర్ల నుంచి, పెద్దపల్లి దిక్కు నుంచి పిల్లలొచ్చి చుట్టాల ఇండ్లల్ల ఉండి చదువుకునేటోళ్లు. నాలుగు దాక తెలుగు, అయిదు నుంచి అన్నీ ఉర్దూల. మా జమాత్‌ల పదహారు మందిమి. అండ్ల ముగ్గురం ఆడపిల్లలం.

మాది నేసేటోళ్ల ఇల్లు. బాపు బడికి పోలే గని పద్యాలు చదువొచ్చు. మగ్గం గుంటల కూసుండి నేసుకుంటనే పద్యమెత్తుకునేటోడు. నేను పక్కన కండెలు చుట్టుకుంట వింటుంటి. నాకు నాలుగేండ్లప్పుడే ఇసుకల అక్షరాలు దిద్దిచ్చిండు. ఒంకర పోతే చెరిపేసి మళ్ల రాయమనేటోడు. అందుకనే నా చేతిరాత జమాత్‌ల అందరికన్న బాగుంటుండె.

లెక్కలు చెప్పే సారును అందరం సాబ్ అనేటోళ్లం. మా ఊరి మనిషే. యాభై ఏండ్లకు దగ్గర పడ్డడు, సన్నగ, పొడుగ్గ ఉండేటోడు. ఎండకాలంల గూడ షేర్వాణీ గుండీలు మెడ దాక పెట్టుకునేటోడు. బజార్ల కలిస్తే మాతోని తెలుగే మాట్లాడేటోడు గని బడిల అడుగు పెట్టినంక ఉర్దూనే. ఆయన చేతిల కట్టె నేను ఎన్నడు చూడలే. తప్పు చేసినోని దిక్కు చూసి ‘ఫిర్ సే’ అనేటోడు. వాడు మళ్ల మొదటి నుంచి చెయ్యాలె. అంతే శిక్ష.

పోలీసు యాక్షన్ అయినంక చానా రోజులు బడి తెరువలే. తెరిచినంక గూడ సాబ్ కొన్ని రోజులు రాలే. ఆఖరుకు వచ్చిండు గని నెత్తి మీద ఎప్పుడుండే ఎర్ర రూమీ టోపీ లేదు. ఆయన వెంట్రుకలు అంత తెల్లగున్నయని మాకు అప్పుడే తెలిసింది. ఆయన సుద్ద పట్టుకొని, ఆగిపోయిన లెక్క కాడికెళ్లే మొదలు పెట్టిండు.

మరుసటేడు మిరుగు కార్తెల బడి తెరిచిన రోజు, కొత్తగ వచ్చిన హెడ్మాస్టరు మమ్ములందరినీ వరండాల నిలబెట్టి ఒక కాయితం చదివిండు. తొమ్మిది, పది వాళ్లు ఉర్దూలనే ముగిస్తరు, ఎనిమిదో తరగతి నుంచి మాత్రం పాఠాలన్నీ ఇగ తెలుగుల అని అండ్ల ఉన్నది. ఎనిమిదో తరగతి అంటే మేమే.

సంబురపడాల్సిన మాటే. మా మాటల మాకు చదువు చెప్తమంటున్నరు. కని మేము కొయ్యల్లెక్క నిలబడ్డం. మూడేండ్లు నోరు తిప్పుకొని తిప్పుకొని ఉర్దూ నేర్చుకున్నం. చదువంటే గదే అనుకున్నం. తెలుగంటే ఇంట్ల అవ్వ తిట్టేది, బాపు పాడేది. ఇంటికొచ్చి చెప్తే బాపు మగ్గం ఆపి నా దిక్కు చూసిండు.

“తెలుగుల పద్యాలు చెప్తరు, పురాణాలు చెప్తరు. లెక్కలెట్ల చెప్తరు?” అన్నడు.

అదే సంగతి మర్నాడు సాబ్‌కు ఎదురయ్యింది. మొదటి పీరియడ్ల వచ్చిండు, బోర్డు మీద మూడు గీతలు గీసిండు, మా దిక్కు తిరిగిండు. ‘ముస’ అని ఆగిపోయిండు. ఉర్దూల ముసల్లస్ అంటరు, ఇగ అట్లనొద్దు. దానికి తెలుగుల ఏమంటరో ఆయనకు తెల్వదు. మాకూ తెల్వదు. పుస్తకాలు ఇంకా రాలే. ఎంత పెద్ద లెక్కనైన కండ్లు మూసుకొని చేసే మనిషి, చేతిల సుద్ద పట్టుకొని నోరు తెరిచి అట్లనే నిలబడ్డడు. మాకు నవ్వు గూడ రాలే, భయమైంది. జర సేపటికి ఆయనే అడిగిండు, దీన్ని మీ ఇండ్లల్ల ఏమంటరని. మూడు మూలలది అని ఒకరన్నరు. ఇంకొకడు రుమాలు మడత అన్నడు. ఆయన ఆ రెండు మాటలు ఉర్దూ అక్షరాలల్ల తన నోటుబుక్కుల రాసుకొని, గంట కొట్టకముందే బయటికి పోయిండు.

ఆ తర్వాత వారం దినాలకు నేను చూసింది ఇప్పటికీ నా కండ్ల ముందటున్నది.

బడి వెనుక పెంకుటింట్ల చిన్న పిల్లల బడి ఉండె. మా తమ్ముణ్ణి అండ్ల ఒకటిల వేసిండ్రు. వాడు పలక మర్చిపోతే ఇచ్చొద్దామని పోయిన. గడపల నిలబడి చూస్తే, సాప మీద వరుసగ కూసున్న పిల్లల వెనుక, గోడకు ఆనుకొని సాబ్ కూసున్నడు. షేర్వాణీ కొస మట్టి కాకుండ ఒళ్లోకి మడుచుకున్నడు. మోకాళ్ల మీద పలక పెట్టుకొని అ, ఆ దిద్దుతున్నడు. నా చేతిలకెళ్లి తమ్ముని పలక జారి కిందపడ్డది. పిల్లలందరు తిరిగి చూసిండ్రు, సాబ్ మాత్రం తలెత్తలే.

ఆ బడి పంతులుకు ఇరవై రెండేండ్లు గూడ ఉండయి. సాబ్ దగ్గర లెక్కలు నేర్చుకున్నోడే. మొఖమంత చెమట పట్టి, పిల్లల పలకలు ఒక్కొక్కటి చూసుకుంట వచ్చి, ఆఖరు వరుస కాడ ఆగి వెనుకకు మళ్లిండు.

“పంతులూ, అందరి పలకలు చూసినవు. నాది చూడకపోతివి,” అన్నడు సాబ్.

పంతులు చూడకుండనే మంచిగున్నది సాబ్ అన్నడు. మంచిగ లేదు, ‘ఇ’ ఎట్ల తిప్పాల్నో తెలుస్తలేదు అని ఆయన పలక ముందటికి చాపిండు. పంతులు మోకాళ్ల మీద కూసుండి, తనకు లెక్కలు నేర్పిన గురువు చెయ్యి పట్టుకొని దిద్దిచ్చిండు. నేను ఇంకా నిలబడలేక ఉరికొచ్చిన. ఆ సంగతి ఎవ్వరికీ చెప్పలే. చెప్తే ఆయన పరువు నేనే తీసినట్టైతదేమో అనిపిచ్చింది. కని ఊర్ల దాగుతదా? నాలుగు రోజులల్ల బజారంత తెలిసింది.

ఇంకో వారానికి సాబ్ నన్ను బోర్డు కాడికి పిలిచిండు. నేను చెప్పుకుంట పోత, నువ్వు రాసుకుంట పో అన్నడు. మొగపిల్లల ముందట ఆడపిల్ల బోర్డు ఎక్కుడంటే ఆ రోజులల్ల చిన్న మాట కాదు. ఆయన జవాబు నోటితోని చెప్పుకుంట పోయిండు, నేను రాసిన. బోర్డు నిండినంక సాబ్ వెనుకకు పోయి నిలబడి పై నుంచి కింది దాక చూసిండు. అక్షరాలు ఆయనకు సగం తెల్వకపాయె, అంకెల వరుస చూసే ఎక్కడ ఏమున్నదో పోల్చుకున్నడు. తలూపిండు. నేను పోయి నా జాగల కూసున్న గని ఆ పూట ఇంకేం వినలే.

బజార్ల దుకాణమున్న ఒకాయన, మా తరగతి పిలగాని నాయన, హెడ్మాస్టరు దగ్గరికొచ్చి లొల్లి పెట్టిండు. ఆడపిల్ల రాస్తే మా పోరడు చూసి రాసుకోవాల్నా అని. సాబ్ ఆ మాట విని, సరే మీ వాణ్నే రాయమనుండ్రి అన్నడు. వాడు రెండు వరుసలు రాసిండు. ఏం రాసిండో వానికే చదువరాలే. వాడే వచ్చి నాకు సుద్ద ఇచ్చిండు. మా ఇంట్ల అవ్వ గూడ వద్దన్నది, అందరి కండ్లు పడ్తయని. బాపు ఒక్కటే అడిగిండు, తప్పు రాస్తున్నవా అని. లేదన్న. మరి రాయి అన్నడు.

అట్ల మూడేండ్లు రాసిన. దసరా పోయినంక తెలుగు పుస్తకాలొచ్చినయి గని అండ్లున్న మాటలు మాకు ఉర్దూ కన్న బరువుగుండె. సమద్విబాహు త్రిభుజం అని బడికి కొత్తగ వచ్చిన తెలుగు పండితుడు చెప్తే సాబ్ మూడు సార్లు అనిపిచ్చుకునేటోడు. నన్ను బోర్డు మీద రాయమని, దాని కింద ‘రెండు పక్కలు సమానం’ అని రాయమనేటోడు. ప్రతి పెద్ద మాట కింద ఒక ఇంటి మాట. అంతదాక లెక్కలంటే దూరం ఉరికే పిల్లలకు గూడ అట్ల అర్థమయ్యింది. మా వెనుక జమాతోళ్లు మా నోటుబుక్కులే తీసుకపోయి చూసి రాసుకునేటోళ్లు.

సాబ్ చదువుడు జల్దీనే నేర్చుకున్నడు. మాట్లాడుడు ఎట్లైన వచ్చు. రాసుడు ఒక్కటే సాగకపాయె. ముప్పై ఏండ్లు కుడి నుంచి ఎడమకు రాసిన చెయ్యి అది. ఒకసారి నేను ఆయన నోటుబుక్కు చూసిన. అక్షరం రాస్తున్నట్టు కాదు, బొమ్మ గీస్తున్నట్టుండె. మొదలు కింద ఒత్తు పెట్టి, అటెన్క మీద అక్షరం గీసేటోడు. మేము ఒక లెక్క చేసేటాళ్లకు ఆయనది ఒక్క వరుస అయ్యేది. ఇంటికొచ్చి అవ్వకు చెప్పుకొని నవ్విన. ఆ నవ్వు యాదికొస్తే నాకు ఇప్పటికీ సిగ్గైతది.

మెట్రిక్ పరీక్షలు కరీంనగర్‌ల రాసినం. తెలుగుల మెట్రిక్ రాసిన మొదటి జమాత్ మాదే. ఊర్ల అందరు మేం మూకుమ్మడిగ తప్పుతమనే అనుకున్నరు. మమ్ముల చూసి అయ్యో అనేటోళ్లు. మా ముందు జమాతులల్ల పాసైనోళ్లు ఒక చేతి వేళ్లకు సరిపోయేటోళ్లు, వాళ్లకైతే మొదటి నుంచి పుస్తకాలన్న ఉండె.

ఫలితాలొచ్చిన నాడు పేపరు పగటి బస్సుకొచ్చింది. బస్సు ఆగే కాడి చాయ హోటల్ ముందట హెడ్మాస్టరు నిలబడి నంబర్లు చదవవట్టె. మొదటి నంబరున్నది. రెండోదున్నది. మూడోదున్నది. అయిదారు చదివినంక ఆయన ఆగి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్ల మొదటి నుంచి చూసిండు. తప్పుడు వరుస చదువుతున్ననా అని ఆయనకే అనుమానం. మేము ఒకరి మొఖాలు ఒకరం చూసుకున్నం. పదహారు మందిల పద్నాలుగు మంది నంబర్లున్నయి. తప్పిన ఇద్దరు ఇంగ్లీషుల తప్పిండ్రని తర్వాత తెలిసింది. లెక్కలల్ల ఒక్కరు తప్పలే. హోటల్‌ల చాయ తాగుతున్నోళ్లు లేచి బయటికొచ్చిండ్రు. నా నంబరు వినంగనే నాకు సంతోషం కాలే, దిమ్మ తిరిగినట్టైంది. అక్కడనే మెట్ల మీద కూసున్న. ఆ యేడు ఇన్స్పెక్టరు స్వయంగ మా బడికొచ్చి, పక్క తాలూకా బడులోళ్లు ఇక్కడికొచ్చి చూసిపోవాలె అని బడి పుస్తకంల రాసిపోయిండు.

ఆ నాడు నంబర్లు విన్నంక మేము ఏడెనిమిది మందిమి కలిసి, హోటల్‌ల పేడాలు కట్టిచ్చుకొని సాబ్ ఇంటికి పోయినం. తలుపు తీసే ఉన్నది. లోపల ట్రంకు పెట్టెకు తాడు కట్టి ఉన్నది. పుస్తకాలన్నీ దుప్పట్ల మూట కట్టి గోడకు పెట్టిండ్రు. పరదా వెనుక వాళ్లింటామె ఏడుస్తున్నట్టు వినవచ్చింది. సాబ్ మమ్ముల చూసి లేచి, అందరి తలల మీద చెయ్యి పెట్టిండు. పేడా తీసుకొని నోట్ల వేసుకున్నడు. ఎటు పోతున్నరు సాబ్ అని ఒకడు అడిగిండు.

ఆసిఫాబాద్ దిక్కు ఒక ఊరికి, ఒకటో తరగతి చెప్పుటానికి అన్నడు.

మేం నవ్వులాటనుకున్నం. ఆయన గోడ గూట్లకెళ్లి కాయితం తీసి నా చేతిల పెట్టిండు. తెలుగుల చదువు చెప్పేటోళ్లు తెలుగు పరీక్ష పాస్ కావాలె. ఈయన రెండు సార్లు తప్పిండు. హైస్కూల్ల ఉండేటందుకు లేదు, చిన్న బడికి పంపుతున్నం. అండ్లున్నది అంతే. పైకి చదివి, కాయితం మళ్ల ఆయన చేతిల పెట్టిన. ఆయన పరీక్ష రాస్తున్నట్టే మాకెవ్వరికీ తెల్వదు. రెండు సార్లు చుట్టాల పెండ్లి ఉన్నదని సెలవు పెట్టి పోయిండు. గవి పెండ్లిళ్లు కావు.

మర్నాడు హెడ్మాస్టరు మాకు వివరం చెప్పిండు. చదివి చెప్పుట్ల, మాట్లాడుట్ల సాబ్‌కు మంచి మార్కులొచ్చినయి. రాసుట్లనే పోయింది. తప్పులు రాసి కాదు. మూడు గంటలల్ల రెండు పేజీలే రాయగలిగిండు. కాలం సరిపోలే.

మూడేండ్లు, రోజుకొక పీరియడ్, ఆయన రాయాల్సిన రాతంత నేను రాసిన. రోజూ బోర్డు మీద ఆయనే రాసుంటే చెయ్యి సాగకపోవునా? నాకు గౌరవమనుకున్నది, ఊరంత నన్ను మెచ్చుకున్నది, ఆయన నౌకరికి ఎసరు పెట్టింది. ఇంటికి పోయి కండెలు చుట్టుటానికి కూసున్న గని దారం తెగుడే తెగుడు. పాసైనదానివి ఎందుకేడుస్తున్నవని అవ్వ అడిగింది.

ఊరు ఊకోలే. పాసైనోళ్ల తల్లిదండ్రులు కలిసి అర్జీ పెట్టిండ్రు. రాత నాదే. మొదటి సంతకం బాపు చేసిండు. నాడు లొల్లి పెట్టిన దుకాణపాయన రెండోది చేసి, ఇంటింటికి తిరిగి వేలిముద్రలు గూడ ఏయించిండు. హెడ్మాస్టరు వేరుగ రాసిండు. జవాబు రాలే. సాబ్ బస్సెక్కిపోయిండు.

దసరాకు వారం ముందట నేను సాబ్‌ను చూసొస్తనంటే బాపు తోడొచ్చిండు. పెద్దపల్లిల రైలెక్కి ఆసిఫాబాద్ రోడ్డుల దిగినం. అక్కడికెళ్లి బస్సు, బస్సు దిగినంక ఎడ్ల కచ్చురం. బడులకు సెలవులు ఇంకా ఇయ్యలే. గడ్డి కప్పిన కొట్టం, అండ్ల పది పన్నెండు మంది పిల్లలు. సగం మంది గోండి మాట్లాడుతరు, మిగిలినోళ్లు మరాఠీ. సాబ్ షేర్వాణీ లేకుండ, కమీజు చేతులు పైకి మడిచి బోర్డు మీద రాస్తున్నడు. అక్షరం వెంట అక్షరం, నిదానంగ. పిల్లలు నోరు తెరుచుకొని చూస్తున్నరు, ఎవ్వరికీ తొందర లేదు. ఆ మనిషిని ఆ కొట్టంల చూసి బాపు గడప కాడనే ఆగిపోయిండు.

పిల్లలు పోయినంక చెట్టు కింద కూసున్నం. నేను దాచుకోలేక చెప్పేసిన, నా వల్లనే మీకిట్లైంది సాబ్ అని. ఆయన వేళ్లకంటిన సుద్ద దులుపుకున్నడు.

“మొదటిసారి తప్పినప్పుడే నాకు తెలిసింది బేటీ,” అన్నడు. “నేను రాసుకుంట నిలబడితే లెక్క సగంల ఉండంగనే గంట కొడుతుండె. లెక్క చూసుకున్న. మీరు పదహారు మంది, నేను ఒక్కణ్ణి.”

తెలిసి గూడ ఇంకో రెండేండ్లు నా చేతికే సుద్ద ఇచ్చిండు.

ఇంత జరిగినా మీకు కోపం రాదా సాబ్ అని బాపు అడిగిండు. రాకెందుకుంటది అన్నడు ఆయన. గొంతు ఎప్పటిలెక్క లేదు. “ముప్పై ఏండ్లు చెప్పిన పని నాకు రాదని కాయితం మీద రాసిండ్రు. కోపమున్నది భాయ్. ఎవరి మీద పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. తెలుగు మీద పెట్టుకుందునా?” అట్లని లేచి పోయి, కుండలకెళ్లి నీళ్లు ముంచి మొఖం కడుక్కున్నడు. మాకు అన్నం పెట్టుమని ఇంట్లకు చెప్పిండు. మళ్ల ఆ మాట ఎత్తలే.

మరుసటేడు మూడోసారి రాసి పాసైండు. అప్పుడు మా అర్జీకి జవాబొచ్చింది, మీ బడిల జాగ లేదని. ఆయనను నిర్మల్ దిక్కు ఒక హైస్కూలుకు పంపిండ్రు. అక్కడనే పని చేసి, అక్కడనే పింఛను తీసుకున్నడు. ఆంధ్రప్రదేశ్ అయినంక నేను మా బడిల్నే లెక్కల పంతులమ్మనయ్యిన. మా తర్వాతి జమాతులల్లకెళ్లి డాక్టరు ఒకాయన, ఇంజినీర్లు ఇద్దరు, కాగజ్‌నగర్ మిల్లుల పెద్ద నౌకరి చేసినాయన ఒకరు వచ్చిండ్రు. బడి గొప్పలు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మా జమాత్ ఫలితాలతోనే మొదలు పెట్టేటోళ్లు. సాబ్ మాట ఎవ్వరు ఎత్తకపోతే, నేను లేచి చెప్పి కూసునేదాన్ని.

ఆ దసరాకు సాబ్‌ను చూసి రైల్ల తిరిగొస్తున్నం. మంచిర్యాల దాటినంక బాపు మెల్లగ అడిగిండు.

“ఇట్లైతదని నీకు అప్పుడే తెలిస్తే, బిడ్డా, బోర్డు కాడి నుంచి పక్కకు జరుగుదువా?”

జరుగుదును అన్న. అన్నంక నా మాట నాకే నమ్మకం కాలే. బాపు నా మొఖం దిక్కు జర సేపు చూసి, పెద్దపల్లి ఇంకెంత దూరమున్నదని పక్క మనిషిని అడిగిండు.